పందొమ్మిది వరుసలు

పడవ రేవు వదిలి అరగంట అయ్యేసరికి బేయా బుట్టలోంచి బార్లీ రొట్టె తీసింది. రెండుగా విరిచి, ఒక ముక్కను ఆలివ్ నూనె డబ్బాలో ముంచి, కిందికి చుక్క పడకుండా అరచెయ్యి పట్టి నోట్లో పెట్టుకుంది. ఎదురు బెంచీ మీద ముగ్గురు నర్సులు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నారు. కింద లారీల మధ్య ఎవరిదో గొర్రె ఒకటి ఆగకుండా అరుస్తోంది.

కెర్కెన్నా దీవుల నుంచి స్ఫాక్స్ రేవుకు గంటంబావు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. పదిహేను వేల సార్లకు పైగా ఈ నీళ్ళు దాటింది. ఇవాళ ఆఖరి పనిదినం. మిగిలిన సెలవులన్నీ కలిపి చూస్తే పదవీ విరమణ ఈ సాయంత్రం నుంచే మొదలవుతుందని నెల కిందట కాగితం వచ్చింది. ఆ సంగతి ఆమెకూ, ఆ కాగితం రాసిన గుమాస్తాకూ తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇంట్లో మాత్రం మొగుడు మహ్ఫూద్ వల బాగుచేస్తూ పొద్దున్నే ఒక మాటన్నాడు.

"రేపట్నుంచి నా కాఫీ నేను పెట్టుకోనక్కర్లేదన్నమాట."

"రేపట్నుంచి నా కాఫీ కూడా నువ్వే పెడతావు," అంది బేయా చెప్పులేసుకుంటూ.

మనిషి పొట్టి. మణికట్లు మాత్రం చేపలు పట్టేవాళ్ళవిలా వెడల్పు. కుడిచేతి వేళ్ళ చివర్లు ఎండిన మట్టిలా పగిలి ఉంటాయి. ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో పదేళ్ళపాటు రోజంతా స్పిరిట్‌లో గుడ్డ ముంచి టేపులు తుడవడమే ఆమె పని. ఆమె ఆఫీసు శబ్ద భాండాగారానికి ఒక శాఖ. మత్స్యకారుల పాటలు, పెళ్ళిపాటలు, ఆలివ్ కోతల్లో ఆడవాళ్ళు పాడుకునేవి, ముసలివాళ్ళు చెప్పిన కథలు అక్కడ దాస్తారు. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, తుడిచే మనిషితో ఇక పనేమిటని పై అధికారులు ఆలోచిస్తున్న రోజుల్లో, బేయా కంప్యూటరుకు పనులు చెప్పే పెర్ల్ అనే భాష నేర్చుకుంది. ఎవరో పారేసిన ఫ్రెంచి పుస్తకానికి తీసిన జిరాక్స్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, రెండు చలికాలాలు ఈ పడవలోనే చదివింది. తడి గాలికి కాగితాలు అంటుకుపోతే ఊదుకుంటూ విడదీసేది. పై అధికారులు చివరికి ఏ సంగతీ తేల్చలేదు. హోదా మారలేదు. మూడో తరగతి సహాయకురాలు.

గేటు దగ్గర ఫర్జానీ కుర్చీలో కూర్చుని గుమ్మడి గింజలు వొలుస్తున్నాడు. డెబ్బై దాటినవాడు. ఆఫీసులో పెద్దాచిన్నా అందరికీ ఆయన బాబాయే. బేయాను అందరూ లెల్లా అంటారు, అమ్మగారూ అన్నట్టు.

"లెల్లా బేయా! మా నాయన ఇంకా నీళ్ళలోనే ఉన్నాడా?"

"వెతుకుతూనే ఉన్నా బాబాయ్."

"పదమూడేళ్ళయిందమ్మా మునిగి! ఎంత గజ ఈతగాడైనా ఊపిరి ఆడొద్దూ?"

ఫర్జానీ తండ్రి సముద్రపు అడుగు నుంచి స్పాంజి తీసేవాడు. పడవ మీద ఉన్నవాళ్ళు తాడు వదులుతూ పాడే లెక్కల పాటను ఆయన గొంతుతో 1969లో ఎవరో రికార్డు చేశారు. ఆ పేరు జాబితాలో ఉంది. నొక్కితే మాత్రం మోగదు. ఫర్జానీ నవ్వుతూనే అడుగుతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా బేయా తల దించుకుని లోపలికి నడుస్తుంది.

లోపల యంత్రాల గదిలో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు డైరెక్టరు లమ్జద్ గారు, చొక్కా జేబులో కడుపు మంట మాత్రలు లేకుండా గడప దాటని మనిషి. రెండోవాడు వజ్దీ, రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు, ముప్ఫై ఏళ్ళవాడు. వారం రోజులుగా పాత యంత్రంలోని రికార్డులన్నీ కొత్తదాంట్లోకి మార్చే ఏర్పాట్లలో ఉన్నాడు. పదకొండు గంటలకు లారీ వస్తుంది. పాత యంత్రాన్నీ దాని డిస్కులనూ తీసుకుపోయి పిండి చేసేస్తారు.

"శుభోదయం, లెల్లా బేయా. మీ సంతకం ఒక్కటే మిగిలింది," అన్నాడు వజ్దీ. "పదకొండు వేల నాలుగు వందల పన్నెండు పేర్లు. అన్నీ కొత్తదాంట్లో ఉన్నాయి. వందా నూటయాభై తెరిచి విన్నాను, అన్నీ మోగాయి."

"నకలు తియ్యడానికి ఎంతసేపు పట్టింది?"

"నలభై నిమిషాలు!"

బేయా కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని అతన్ని చూసింది. తొమ్మిదేళ్ళ కిందట ఇందులో సగం మార్చడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది.

"కొత్త యంత్రం కదండీ," అన్నాడు వజ్దీ, చిన్నగా నవ్వి.

ఆమె కొత్త యంత్రం ముందు కూర్చుని ఒక పాట పెట్టింది. ఆలివ్ కోతల పాట. శుభ్రంగా మోగింది. వజ్దీ లమ్జద్ గారి వైపు చూసి తలూపాడు. బేయా పాట వినడం లేదు. ఆమె వెనకాల, గోడవార, పాత యంత్రం గొంతులో పురుగు పడ్డట్టు కిర్రుమంది. పాట ఆపింది. కిర్రు ఆగింది. ఇంకో పాట పెట్టింది. కిర్రు. కొత్త యంత్రం పాడుతుంటే పాతదానికి ఆయాసం ఎందుకు?

"వజ్దీ బాబూ," అంది తిరిగి చూడకుండా, "నువ్వు పాటలు తేలేదు నాయనా. చీటీలు తెచ్చావు."

ఆ చీటీలు ఆమె పెట్టినవే. ఇరవయ్యేళ్ళ కిందట మొదటి డిస్కు నిండిపోయినప్పుడు కొన్ని పాటల్ని రెండో డిస్కులోకి జరిపింది. కానీ రేడియోవాళ్ళూ, పరిశోధన చేసేవాళ్ళూ పాత పేరుతోనే అడుగుతారు. అందుకని పాత చోట ఒక లింకు వదిలింది. పాత ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు దుకాణం మార్చినప్పుడు తలుపుకు చీటీ అంటించిపోతాడు చూడండి, ఫలానా సందులో ఉన్నానని, అలాంటిది. యంత్రం ఆ చీటీ చదివి కొత్త చోటికి పోతుంది. అడిగినవాడికి ఏమీ తెలియదు. తర్వాత రెండో డిస్కు నిండింది, తర్వాత మూడోది. చీటీ దగ్గరికి పోతే ఇంకో చీటీ, దాని దగ్గరికి పోతే మరొకటి. ఫర్జానీ తండ్రి పాటలా మోగని కొన్ని తప్ప, ఇన్నేళ్ళలో ఒక్క పాట కూడా ఒక్క రోజు కూడా ఆగలేదు. ఎవరికీ ఏమీ తెలియకుండా ఉండటమే బేయా ఉద్యోగం. ఆ పని ఆమె ఎంత బాగా చేసిందంటే, అలాంటి పని ఒకటి జరుగుతోందని కూడా ఎవరికీ తెలియదు.

వజ్దీ ముఖం కాస్త వాడింది. ఒక పేరు మీద వేలు పెట్టి చూశాడు.

"లింకే. నిజమే. కానీ చూడండి, ఇది చూపిస్తున్న ఫోల్డరు కొత్తదాంట్లోనే ఉంది. ఇక్కడే ఉంది!"

"ఆ ఫోల్డరూ లింకే. ఒక్క చీటీ చదివి ఇల్లు దొరికిందంటే ఎట్లా? ఆఖరి గుమ్మం దాకా నడవాలి."

"అయితే... అయితే ఆఖరికి ఎక్కడికి పోతోందంటారు?"

బేయా గోడవార కిర్రుమంటున్నదాన్ని గడ్డంతో చూపించింది.

లమ్జద్ గారు మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నారు. "లెల్లా బేయా, రాజధాని నుంచి రాతపూర్వకంగా ఆదేశం ఉంది. లారీ పదకొండింటికి వస్తుంది. అన్నీ మోగుతున్నాయని మీరే విన్నారు. ఒక కిర్రు విని పని ఆపమంటే నేను పైకి ఏమని రాయను?"

"కిర్రు అని రాయకండి. లెక్క ఇస్తాను, లెక్క రాయండి. గంట చాలు."

"అంతదాకా సంతకం?"

"నేను పెట్టను."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె నోటి వెంట ఆ గదిలో ఆ మాట రావడం అదే మొదటిసారి. లమ్జద్ గారు గడియారం చూసుకుని, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపారు.

బేయా రెండు వేళ్ళతో టైపు చేస్తుంది. నెమ్మదిగా, ప్రతి అక్షరాన్నీ మేకు కొట్టినట్టు. పెర్ల్‌లో రియల్‌పాత్ అని ఒక మాట ఉంది. దానికి ఏ పేరిచ్చినా దారిలో ఉన్న చీటీలన్నీ తానే చదువుకుంటూ పోయి, ఇక చీటీ లేని చోట ఆగి, అసలు చిరునామా తెచ్చి చేతిలో పెడుతుంది. జాబితాలో ఉన్న ప్రతి పేరుకూ అలా అసలు దారి అడగడం, ఆ దారి ఏ యంత్రంలో తేలిందో చూడటం, మూడు కుప్పలుగా లెక్కపెట్టడం. అంతే. పందొమ్మిది వరుసలు. దానికి 'అస్ల్' అని పేరు పెట్టింది. అసలు అనే అర్థమే.

పదిన్నరకే బయట లారీ హారన్ వినిపించింది. బేయా లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తినట్టే నడిచింది.

"బాబాయ్! పది నిమిషాలు!"

ఫర్జానీ ఆమె ముఖం చూశాడు. ఏమిటీ ఎందుకూ అని అడగలేదు. లారీ డ్రైవరు వైపు తిరిగి జేబులన్నీ తడుముకోవడం మొదలుపెట్టాడు.

"తాళంచెవి ఎక్కడో పెట్టానయ్యా. వయసు చూడు. నువ్వు టీ తాగు, పుదీనా వేసి పెడతా."

"చెవి నీ మెళ్ళోనే ఉంది కదా ముసలాయనా!"

"ఇదా? ఇది మా ఇంటిది," అన్నాడు ఫర్జానీ దాన్ని చొక్కా లోపలికి తోసుకుంటూ.

బేయా కుర్చీలోకి వచ్చి మీట నొక్కింది. తెర మీద పేర్లు కిందినుంచి పైకి పరుగెత్తాయి. వజ్దీ ఆమె వెనక వంగి నిలబడ్డాడు. నాలుగు నిమిషాల తర్వాత మూడు అంకెలు నిలిచాయి.

కొత్త యంత్రంలో నిజంగా ఉన్నవి: 2,306.
పాత యంత్రంలో తేలినవి: 9,083.
ఎక్కడా తేలనివి: 23.

వజ్దీ మెల్లగా వెళ్ళి, రెండు యంత్రాలనూ కలుపుతున్న నీలం తీగను పట్టుకుని లాగేశాడు. తిరిగి వచ్చి ఆలివ్ కోతల పాట నొక్కాడు. అలాంటిది లేదు, అంది యంత్రం. పెళ్ళిపాటలు. లేదు. కథలు. లేదు. పేర్లన్నీ వరసగా అలాగే ఉన్నాయి, నొక్కినవాటిలో ఒక్క గొంతూ లేదు.

వజ్దీ కుర్చీ చేతిని పట్టుకుని కూర్చున్నాడు. "నేను తెరిచి చూశాను. తెరుచుకున్నాయి," అన్నాడు తనలో తాను. తర్వాత తలెత్తాడు. అప్పుడు అతని ముఖంలో కనిపించినది సిగ్గు కాదు, భయం. "లెల్లా బేయా. ఇంకా నాలుగు శాఖలు ఇట్లాగే మార్చాం. ఇదే పద్ధతి. పోయిన నెలలో. రెండు చోట్ల డిస్కులు ఇవాళే పిండి చెయ్యడానికి..."

"ఫోను చెయ్యి. కూర్చుంటావేం?"

తర్వాత గంటన్నర ఆ గది రేవు బజారులా ఉంది. వజ్దీ ఒక ఫోనులో, లమ్జద్ గారు ఇంకో ఫోనులో. పాత యంత్రాలు ఎక్కడివక్కడ తిరిగి తగిలించమన్నారు. పందొమ్మిది వరుసలూ ఉత్తరంగా నాలుగు చోట్లకూ వెళ్ళాయి. కొండల దగ్గరి శాఖలో ఉన్న అమ్మాయికి పెర్ల్ ఎలా నడపాలో తెలియదు. బేయా ఫోను అందుకుంది.

"భయపడకమ్మా. నల్ల తెర తెరువు. పేరు కొట్టు, ఆ తర్వాత ఖాళీ ఒకటి వదులు. ఊఁ, ఇప్పుడు నొక్కు. పరుగెత్తుతున్నాయా? పరుగెత్తనీ. ఆగాక అంకెలు చదువు."

అమ్మాయి చదివింది. అక్కడ ఆరు వేల నాలుగు వందలు పాత యంత్రంలోనే తేలాయి. ఎడారి అంచు శాఖలో పన్నెండు వేలు. అక్కడి డిస్కులు అప్పటికే లారీ ఎక్కి దారిలో ఉన్నాయి. లమ్జద్ గారు ఆ లారీవాడి నంబరు సంపాదించి, టై వదులు చేసుకుని, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచారు.

"ఎక్కడున్నా సరే ఆపు! పక్కకు తీసి ఆపు! బండి కాదయ్యా, నువ్వు వెయ్యి పెళ్ళిళ్ళు మోస్తున్నావు!"

ఆపాడు. ఆలివ్ తోటల పక్కన ఆపానని, ఎండలో ఎంతసేపు నిలబడాలని అడిగాడు. లమ్జద్ గారు ఫోను పెట్టేసి, అలవాటుగా మాత్ర కోసం జేబులో చెయ్యి పెట్టి, అది బయటికి తియ్యకుండానే నవ్వడం మొదలుపెట్టారు. వజ్దీకి కూడా నవ్వొచ్చింది. అయిదు శాఖలు, ముప్ఫై వేలకు పైగా గొంతులు. ఒక్కటీ పోలేదు.

ఆ నవ్వులో బేయా కలవలేదు. ఆమె మూడో అంకె చూస్తోంది. ఇరవై మూడు. లింకుల అంచెలు మరీ ఎక్కువయ్యాయి అని యంత్రం చేతులెత్తేసిన పేర్లు. విప్పి చూసింది. మొదటి చీటీ రెండోదాన్ని చూపిస్తోంది, రెండోది మొదటిదాన్ని. ఎంత నడిచినా గుమ్మం రాదు. చీటీ రాసిన తేదీ చూసింది: 2011, జనవరి, పన్నెండు.

ఆ రోజు ఆమెకు గుర్తుంది. ఊరంతా సమ్మె. వీధుల్లో పొగ. రేవు మూసేస్తారని, అదే ఆఖరి పడవని ఎవరో అరిచారు. ఇరవై మూడు పాటల్ని జరుపుతూ జరుపుతూ, తుమ్మముళ్ళు గుచ్చుకున్నట్టు మండే కళ్ళతో, చీటీలు తిరగేసి అంటించి పరుగెత్తింది. తర్వాత ఏనాడూ ఆ చోటికి మళ్ళీ వెళ్ళి చూడలేదు.

"ఇది నా తప్పు," అంది పైకే. "పదమూడేళ్ళుగా గేటు దగ్గర ఆ మనిషికి వెతుకుతున్నానని చెబుతున్నా. పోగొట్టింది నేనే."

"పోయాయేమో అనుకోకండి. చీటీ తప్పయితే వస్తువు..." వజ్దీ మాట సగంలో ఆపాడు.

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. చీటీలు పట్టుకుని ఇంటికి నడవడం ఇప్పటిదాకా చేసిన పని. ఇప్పుడు ఇళ్ళన్నీ తిరిగి, ఏ చీటీలోనూ పేరు లేని ఇల్లు ఏదో చూడాలి. బేయా 'అస్ల్' కింద ఇంకో ఏడు వరుసలు రాసింది. డిస్కుల్లో నిజంగా ఉన్న ప్రతి ఫైలునూ లెక్కపెట్టి, అందులోంచి ఇందాకటి అసలు దారుల్ని తీసేయమంది. మిగిలినవి చూపించమంది.

తీగ మళ్ళీ తగిలించి నడిపారు. మూడో డిస్కులో, 'తాత్కాలికం' అనే పేరుగల ఫోల్డరులో, సరిగ్గా ఇరవై మూడు.

ఫర్జానీని పిలిచినప్పుడు, లారీ సంగతి అడుగుతారనుకుని, తాళంచెవి చేత్తో పట్టుకునే వచ్చాడు.

"దొరికిందండీ. ఇంటిదనుకున్నా, గేటుదే."

"కూర్చో బాబాయ్. మీ నాయన పైకొచ్చాడు."

ఆయన కూర్చోలేదు. బేయా నొక్కింది. ముందు నీటి చప్పుడు, చెక్క మీద తాడు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత ఒక గొంతు, ముక్కులోంచి వచ్చే సన్నటి గొంతు, ఒకటీ రెండూ అని పాడుతూ బారలు లెక్కపెట్టింది. ఏడో బార దగ్గర ఎవరో వెనకనుంచి ఏదో వెక్కిరించారు, పాడేవాడు నవ్వాపుకోలేక ఒక లెక్క తప్పాడు. మళ్ళీ అందుకున్నాడు.

"అబద్ధాలకోరు!" అన్నాడు ఫర్జానీ. "జీవితంలో ఎన్నడూ లెక్క తప్పలేదనేవాడు మాతో!" కన్నీళ్ళు గడ్డంలోకి జారుతుంటే ఆయన పగలబడి నవ్వాడు. లెక్క తప్పిన చోట మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టింది. బయట లారీ డ్రైవరు నాలుగో గ్లాసు టీతో కిటికీకి ఆనుకుని వింటున్నాడు.

అసలు వస్తువులు కొత్త యంత్రానికి చేరేసరికి మూడున్నర అయింది. ఈసారి వజ్దీ చీటీల వెంట నడిచి గొంతులే మోసుకొచ్చేలా నకలు తీశాడు. మధ్యలో అందరూ ఒకే పళ్ళెంలో లబ్లాబీ తిన్నారు. సెనగల పులుసులో రొట్టె నానేసుకుని, కారం ఎక్కువైందని లమ్జద్ గారు కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నారు. తర్వాత బేయా 'అస్ల్' మళ్ళీ నడిపింది.

కొత్త యంత్రంలో నిజంగా ఉన్నవి: 11,412.
పాత యంత్రంలో తేలినవి: 0.
ఎక్కడా తేలనివి: 0.

వజ్దీ నీలం తీగ లాగాడు. ఆలివ్ కోతల పాట పెట్టాడు. మోగింది. గోడవార చప్పుడు లేదు. గది నిండా ఆడవాళ్ళ గొంతులు, ఆకులు రాలుతున్నట్టు నవ్వులు. పాట అయ్యేదాకా ఎవరూ కదలలేదు.

అప్పుడు బేయా సంతకం పెట్టింది. గోడవారకు వెళ్ళి, పాత యంత్రం మీట తనే నొక్కింది. లోపల తిరుగుతున్నది నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. ఆమె దాని ఇనుప మూత మీద అరచెయ్యి ఉంచింది. వేడి ఇంకా ఉంది.

"నాలుగు శాఖలకీ మనిషి వెళ్ళాలి," అన్నారు లమ్జద్ గారు. "అక్కడ చీటీలు ఎవరెలా పెట్టారో దేవుడికెరుక. సోమవారం నుంచి మీరు బయల్దేరండి, లెల్లా బేయా. బండి పంపిస్తాను. పైకి నేనే రాస్తాను, మీ పేరుతో."

"సోమవారం నేను రాను."

"అదేమిటి? మంగళవారం?"

"మంగళవారం కూడా రాను." ఆమె బుట్ట భుజానికి తగిలించుకుంది. "ఇవాళ్టితో అయిపోయిందండీ. కాగితం మీ బల్ల మీదే ఉంది. నెలయింది."

లమ్జద్ గారు తన గది వైపు తిరిగి చూశారు. వజ్దీ లేచి నిలబడ్డాడు.

"మరి నేను ఒక్కణ్ణే ఎట్లా?"

"ఇరవై ఆరు వరుసలే నాయనా. ప్రతి వరుస పక్కనా ఎందుకో రాసి పెట్టా. అర్థం కాకపోతే దీవికి రా. ఆక్టోపస్ పులుసు మా ఆయన వండుతాడు. ఆయనకింకా తెలీదనుకో."

గేటు దగ్గర ఫర్జానీ లేచి, పెద్దవాళ్ళు దాటేటప్పుడు తెరిచినట్టు, రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. ఆయన అదే లెక్కల పాట, తప్పుతో సహా, గొణుగుతున్నాడు. అయిదింటి పడవ అందుకోవడానికి ఆమె వేగంగా నడిచింది. రేవు మలుపు దగ్గర ఎడమ భుజం ఒకసారి ఎత్తి బుట్ట సర్దుకుంది. నవ్వుతోందేమో, వెనకనుంచి తెలియలేదు.

వజ్దీ గదిలోకి తిరిగి వచ్చి దీపం ఆర్పబోయి ఆగాడు. ఆమె కుర్చీలో చేత్తో నేసిన ఎర్ర ఉన్ని దిండు ఒకటి ఉంది, అంచులు అరిగి, నడుమ లోతుగా గుంట పడి. ఆ గుంట పోగు పోగుగా, చాలా నెమ్మదిగా, పైకి లేస్తోంది.